ట్రెటినాయిన్ క్రీమ్ రివ్యూ: మందు మంచిదే, అనంతపురం ఎండలో ఎలా వాడాలో తెలుసుకుని మొదలుపెట్టండి

డాక్టర్ చీటీ మీద ఇచ్చే ట్రెటినాయిన్ 0.025 శాతం క్రీమ్ గురించి ఈ రివ్యూ. నాకు మొటిమలకు, బ్లాక్‌హెడ్స్‌కు రాశారు. సూటిగా చెప్పాలంటే మందు పనిచేస్తుంది, కానీ మొదటి నెల గట్టిగా ఓపిక పట్టాలి, ఆ నెలలో ఎలా పూశామన్నదాన్ని బట్టే ముఖం బాగుపడటమో పాడవడమో ఉంటుంది. మా అనంతపురంలో నాకు తెలిసిన చాలామంది దీన్ని రెండు వారాలు పూసి, మంట పుట్టిందని పక్కన పడేసి, "నాకు పడలేదు" అంటున్నారు. ఇంకొందరు ఇదే అనుకుని మెడికల్ షాపులో పూర్తిగా వేరే ట్యూబు తెచ్చుకుంటున్నారు. ఆ రెండో రకం వాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది, దాని గురించి కింద వివరంగా రాశాను.

ముందు మందు సంగతి. ఇది విటమిన్ ఎ నుంచి వచ్చిన మందు. అమెరికాలో 1971లోనే మొటిమలకు అనుమతి వచ్చింది, అంటే కొత్తగా వచ్చిన ఫ్యాషన్ క్రీమ్ కాదు, యాభై ఏళ్లకు పైగా డాక్టర్లు రాస్తున్నదే. చర్మంలోని సన్నని రంధ్రాల్లో మృతకణాలు అతుక్కుపోయి మూసుకుపోవడం వల్లే మొటిమ మొదలవుతుంది, ఈ క్రీమ్ అలా మూసుకుపోకుండా చూస్తుంది. లోపల అప్పటికే దాగి ఉన్నవి పైకి రావడంతో మొదటి కొన్ని వారాల్లో మొటిమలు ఎక్కువైనట్టు కనిపించొచ్చు. సరిగ్గా అప్పుడే అందరూ టెన్షన్ పడి ఆపేస్తారు. ఫలితం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందని డాక్టర్ మొదటి రోజే చెప్పారు కాబట్టి నేను ఆగగలిగాను, చెప్పకపోయుంటే నేనూ ఆపేసేదాన్నేమో.

వాడకం రాత్రిపూటే. వెలుతురు తగిలితే ఈ మందు చెడిపోతుంది, పైగా పగలు పూసుకుని ఎండలోకి వెళితే చర్మం ఇంకా కమిలిపోతుంది. సబ్బు ఘాటు లేని ఫేస్‌వాష్‌తో కడుక్కుని, మెత్తగా అద్ది తుడుచుకుని, చర్మం పూర్తిగా ఆరేదాకా ఓ ఇరవై ముప్పై నిమిషాలు ఆగాలి. తడి ముఖం మీద పూస్తే మంట ఎక్కువ. ఆ తర్వాత బఠాణీ గింజంత క్రీమ్ వేలి మీద తీసుకోవాలి, అది ముఖం మొత్తానికి. ఒక్కో మొటిమకు ఒక్కో బొట్టు పెట్టే మందు కాదిది. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చిన్న చిన్న చుక్కలు పెట్టుకుని పల్చగా పరుచుకోవాలి. కంటి చుట్టూ, ముక్కు పక్కల మడతల్లో, పెదవుల మూలల్లో మాత్రం పడకూడదు. క్రీమ్ కొంచెం జారి ఆ మడతల్లో చేరితే పొద్దున లేచేసరికి అక్కడ ఎర్రగా, పొరలు పొరలుగా లేచి, నోరు పెద్దగా తెరిస్తే మూలలు చీలినట్టు మండుతాయి. అందుకే పూసే ముందు ఆ చోట్ల కాస్త వాజలీన్ రాసుకోమని డాక్టర్ చెప్పారు, ఈ చిన్న చిట్కా నాకు చాలా మేలు చేసింది.

రోజూ పూయాలని మొదటి వారం నుంచే మొదలుపెట్టకండి. నాకైతే వారానికి రెండు మూడు రాత్రులతో మొదలుపెట్టించి, చర్మం అలవాటు పడ్డాక మెల్లగా రాత్రులు పెంచారు. ఎండిపోయే చర్మం ఉన్నవాళ్లు ముందు మాయిశ్చరైజర్, దాని మీద క్రీమ్, మళ్లీ మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు, మందు పని కాస్త నెమ్మదించినా మంట బాగా తగ్గుతుంది. వాసన లేని సాదా మాయిశ్చరైజర్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఎక్కువ పూస్తే తొందరగా తగ్గుతుందనుకోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. మనలాంటి చామనఛాయ చర్మానికి మంట పుట్టి ఎర్రబడిన చోట నల్లమచ్చ మిగిలిపోతుంది, మొటిమ మానినా ఆ మచ్చ నెలల తరబడి పోదు. అంటే మచ్చలు పోవడానికి తెచ్చుకున్న మందే కొత్త మచ్చలు పెడుతుంది. 20 గ్రాముల ట్యూబు రోజూ రాత్రి వాడినా రెండు నెలల దాకా రావాలి, మీకు నెలలోపే ఖాళీ అయిపోతోందంటే ఎక్కువ పూస్తున్నారని అర్థం.

ఏది ఓర్చుకోవాలి, ఎక్కడ ఆపేయాలి అన్నది చాలామందికి తెలియడం లేదు. పూసిన కాసేపు చురుక్కుమనడం, చర్మం బిగుసుకున్నట్టుండటం, కొద్దిగా ఎర్రబడటం, ముక్కు పక్కన గడ్డం మీద పల్చగా పొట్టు లేవడం, ఇవి మామూలే. రెండు మూడు రాత్రులు మానేసి మాయిశ్చరైజర్ మాత్రమే రాసుకుంటే తగ్గుతాయి, తగ్గాక మళ్లీ తక్కువ రాత్రులతో మొదలుపెట్టాలి. ఆ లేచిన పొట్టును గోటితో పీకొద్దు, మా ఇంట్లో వాళ్లు నా ముఖం చూసి అది చేయమనే చెప్పారు, నేను ఒప్పుకోలేదు. కానీ బొబ్బలు లేచినా, రసి కారినా, కళ్ల చుట్టూ వాపు వచ్చినా, నీళ్లు తగిలితే కూడా ఓర్చుకోలేనంత మంట ఉన్నా ఆ రోజే ఆపేసి డాక్టర్‌కు చూపించాలి. పెదవులు, నాలుక వాచి ఊపిరాడనట్టుంటే ఇక అపాయింట్‌మెంట్ అనుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఎండకు కమిలిన చర్మం మీద, గాయాల మీద, ఎగ్జిమా ఉన్న చోట అసలు పూయకూడదు.

ఇక మన ఊరి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ తర్వాత ఆషాఢంలో వచ్చే పొడి గాలి ఇంకా పాడు, ముఖంలో ఉన్న కాస్త తేమనూ లాగేస్తుంది. స్కూటీ మీద సప్తగిరి సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడిన ఆ కాసేపట్లోనే బుగ్గలు మండటం నాకు తెలుస్తుంది. కాబట్టి ఈ క్రీమ్ వాడేవాళ్లకు సన్‌స్క్రీన్ సోకు కాదు, అది కూడా మందే. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండుకుంటే ముఖానికి, మెడకు సరిపోతుంది, బయట ఉంటే రెండు మూడు గంటలకు మళ్లీ రాయాలి. చున్నీ చుట్టుకున్నాం కదా అని సన్‌స్క్రీన్ మానేయకండి, పల్చటి చున్నీలోంచి ఎండ దూరుతుంది. మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా రాసి ఉంటే ఇంకా జాగ్రత్త, వాటివల్ల కూడా చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. ట్యూబును స్కూటీ డిక్కీలోనో, కిటికీ పక్కనో పెట్టకండి, దాని మీద ఎంత చల్లదనంలో ఉంచాలో రాసి ఉంటుంది చూసుకోండి.

పండగలొస్తే మన ఇళ్లలో తలంటు, సున్నిపిండి తప్పవు. ఒంటికి ఎంతైనా రుద్దుకోండి, ముఖం జోలికి మాత్రం వెళ్లొద్దు. నిమ్మరసం, శనగపిండి, స్క్రబ్ అన్నీ ఇంతే, ఈ క్రీమ్ వాడుతున్నప్పుడు చర్మం పై పొర పల్చగా ఉంటుంది, రుద్దితే గీసుకుపోతుంది. పార్లర్‌లో పై పెదవికి వ్యాక్సింగ్ చేయించుకుంటే తోలుతో సహా ఊడి వచ్చే ప్రమాదం ఉంది, బ్లీచ్, ఫేషియల్ కూడా డాక్టర్‌ను అడగకుండా వద్దు. పెళ్లి ఫంక్షన్ ముందుంటే ముందుగానే డాక్టర్‌కు చెప్పండి, ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెబుతారు.

ఇప్పుడు మెడికల్ షాపు సంగతి. చీటీ తీసుకుని ఒక షాపుకెళితే కౌంటర్ దగ్గర అబ్బాయి ట్యూబు చేతిలో పెట్టి, "అక్కా, మీ కంపెనీది లేదు, ఇది తీసుకోండి, దీంట్లో కూడా అదే ఉంది, పైగా కలర్ కూడా వస్తారు" అన్నాడు. డబ్బా వెనక తిప్పి చూస్తే ట్రెటినాయిన్ ఉన్నమాట నిజమే, కానీ దాంతో పాటు హైడ్రోక్వినోన్, మోమెటాసోన్ అని ఇంకో రెండు పేర్లున్నాయి. హైడ్రోక్వినోన్ అంటే చర్మం నలుపు తగ్గించే మందు, మోమెటాసోన్ అంటే స్టెరాయిడ్. ఈ మూడూ కలిపిన క్రీమును మంగు మచ్చలకు డాక్టర్లు కొన్ని వారాల పాటు, కనిపెట్టుకుని ఉంటూ వాడిస్తారు. మొటిమలకు, తెల్లబడటానికి నెలల తరబడి వాడేది కాదు. నేను తిరిగిచ్చేసి వేరే షాపులో ఒక్క ట్రెటినాయిన్ ఉన్నదే తెచ్చుకున్నాను.

తాడిపత్రిలో ఉండే మా చిన్నాన్న కూతురు అలాంటి మూడు మందుల క్రీమే ఎవరో ఫ్రెండ్ చెప్పిందని చీటీ లేకుండా కొని చాన్నాళ్లు వాడింది. మొదట్లో ముఖం నిగనిగలాడింది, అందరూ మెచ్చుకున్నారు, అందుకే ఇంకా పూసింది. తర్వాత బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి, గడ్డం మీద నూగు వెంట్రుకలు పెరిగాయి, ఒక్క రాత్రి పూయకపోతే ముఖమంతా కారం పూసినట్టు మంట. స్టెరాయిడ్‌కు చర్మం అలవాటు పడిపోతే జరిగేది ఇదేనని, ఒక్కసారిగా ఆపితే మంట ఎగదన్నుతుందని స్కిన్ డాక్టర్ చెప్పి, నెమ్మదిగా మాన్పించారు. పూర్తిగా కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆ పిల్ల ఇంట్లోంచి బయటికి రావడానికి కూడా ఇష్టపడేది కాదు, అది చూసినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. చర్మానికి పూసే స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది, అయినా మన ఊళ్లలో షాపువాళ్లు ఇలా చేతికిచ్చేస్తుంటే ఏం లాభం? కనీసం కొనేవాళ్లమైనా ట్యూబు వెనక్కి తిప్పి చదవాలి. పేరు చివర "సోన్" అని గానీ, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ లాంటివి గానీ కనిపిస్తే అది స్టెరాయిడ్ అయ్యే అవకాశం ఎక్కువ, ముఖానికి పూసే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే.

పెళ్లయినవాళ్లకు ఒక మాట. గర్భంతో ఉన్నా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా ఈ క్రీమ్ వాడొద్దంటారు. పైపూత మందు ఒంట్లోకి ఇంకేది తక్కువే, కానీ ఇదే కుటుంబానికి చెందిన ఐసోట్రెటినాయిన్ మాత్రలు కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తాయి కాబట్టి పూతమందు విషయంలోనూ జాగ్రత్త పడతారు. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి, అత్తగారో అమ్మో పక్కన కూర్చున్నారని మొహమాట పడొద్దు. పాలిచ్చే తల్లులు కూడా అడిగే వాడాలి. అలాగే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ కూడా రాసి ఉంటే రెండూ ఒకేసారి కలిపి పూయకండి, మామూలు ట్రెటినాయిన్‌ను అది పాడుచేస్తుంది. నాకు అది పొద్దున, ఇది రాత్రి అని విడదీసి రాశారు.

నా ముఖం విషయానికొస్తే, మూడో నెల వచ్చేసరికి కొత్త మొటిమలు బాగా తగ్గాయి, ముక్కు మీద బ్లాక్‌హెడ్స్ దాదాపు పోయాయి. పాత గుంటలు అలాగే ఉన్నాయి, అవి క్రీమ్‌తో పోవని ముందే చెప్పారు. ప్రైవేటు కన్సల్టేషన్ ఫీజు కష్టమైతే మన సర్వజన ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లండి, లైన్ పెద్దగా ఉంటుంది కానీ చూస్తారు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది మందుకు కాదు, డబ్బాలో పెట్టిన కాగితానికి. చీమ తలకాయంత అక్షరాల్లో, అంతా ఇంగ్లీషులో ఉంది, బఠాణీ గింజంతే పూయాలని, గర్భంలో వాడొద్దని తెలుగులో రెండు లైన్లు వేస్తే ఎంతమందికి ఉపయోగపడేదో. ప్రస్తుతానికి డాక్టర్ పూర్తిగా ఆపొద్దని, వారానికి కొన్ని రాత్రులు కొనసాగించమని చెప్పారు, అలాగే వాడుతున్నాను.