హన్మకొండల ఫ్రేముల షాపు: మొహం మార్చకుండ ఇచ్చిండు

హన్మకొండ చౌరస్తా కాడ లోపలి గల్లీల ఉంటది ఈ షాపు, బోర్డు చిన్నగుంటది, మెల్లగ చూస్కుంట పోవాలె. దేవుని పటాలు, పెండ్లి ఫోటోలు, ఇంట్ల చనిపోయినోళ్ల ఫోటోలు అన్నీ కడ్తరు. మేం పోయింది మా తమ్ముని ఫోటో కోసం. 2024 ఎండకాలంల బండి యాక్సిడెంట్ల పోయిండు, ఇరవై నాలుగేండ్లు. 2025 పెత్రమాసకల్లా, అంటే పోయిన పెద్దలకు పెట్టుకునే అమాసకల్లా, గోడకు ఫోటో ఉండాలె అని అమ్మ పట్టు.

ముందుగాల వేరేకాడ చేపిచ్చినం, పేరు చెప్పను. ఏఐల ఏసి క్లియర్ జేసిన అన్నడు, చూస్తే తమ్ముడు తెల్లగ, మూతి సన్నగ, సీరియల్ హీరో లెక్క వచ్చిండు. అమ్మ చూసి "ఈ పిలగాడు ఎవరు బిడ్డా" అన్నది. ఆ ఫ్రేము ఇప్పటికీ బీరువ మీద బోర్లేసే ఉంది.

ఈ షాపు అన్న అట్ల కాదు. ఫోన్ల ఫోటో పెద్దగ జేసి చూసి, ఇది వాట్సాప్‌ల వచ్చింది గదా అక్కా, అట్ల వస్తే క్లారిటీ తగ్గుతది, తీసినోళ్ల దగ్గర ఒరిజినల్ ఉంటదేమో అడుగుండ్రి అన్నడు. తమ్ముని దోస్తు ఫోన్ మార్చినా ఆ ఫోటో భద్రంగ దాచుకున్నడు, వానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే, డాక్యుమెంట్‌గ పంపిండు, అప్పుడు 3000 బై 4000 పిక్సెళ్లు వచ్చింది. నేను 12 బై 18 అంగుళాలది కావాలన్న. దానికి 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3600 బై 5400 ఉండాలె, సాగదీస్తే మొహం పలుసపడ్తది, 8 బై 12 చేస్కోండ్రి అన్నడు. పెద్దది అంటగడితే ఆయనకే ఎక్కువ పైసలు గదా, అయినా వద్దన్నడు, నాకు అక్కడ్నే నమ్మకం కుదిరింది.

ఫోటో 2024 ఫిబ్రవరి మేడారం జాతరది. తమ్మునికి చిన్నప్పుడు కామెర్లయితే అమ్మ నిలువెత్తు బంగారం, అంటే వాని బరువుకు సరిపడ బెల్లం, మొక్కింది, ఇయ్యాల రేపు అనుకుంట ఆ జాతరల తీరింది. కాంటా మీద కాళ్లు ముడ్సుకొని కూసున్నడు, జంపన్నవాగుల తానం జేసి తల తుడ్సుకోలే, ఎనుక బెల్లం ముద్దలు, ఎవరిదో మోచెయ్యి, వీడేమో పండ్లన్నీ కనవడేటట్టు నవ్వుడు. ఎనుకదంత తీసేసి నీలం రంగు పెట్టాల్నా అని అన్న అడిగితే నేను సరే అందామనుకున్న, గని అమ్మ వద్దన్నది.

మా అమ్మ వాడు పోయినంక సమ్మక్క పటానికి దీపం పెట్టలే. మొక్కు తీర్చుకొని నా కొడుకును తీస్కపోయింది అని తిట్టేది. అసొంటి మనిషి షాపుల నిలవడి, "ఆ బెల్లం తల్లికి ఇచ్చింది, దాన్ని చెరపకు బిడ్డా, కామెర్లప్పుడే పోవాల్సినోణ్ని ఇన్నేండ్లు నా సేతుల పెట్టింది, ఆ తల్లి గూడ బిడ్డ సారలమ్మను, కొడుకు జంపన్నను పోగొట్టుకున్నదే గదా" అన్నది. ఎప్పుడు అనుకున్నదో, ఎన్ని రాత్రులు అనుకున్నదో, మాకెవ్వలికి చెప్పలే. అన్న కంప్యూటర్ ఆపి, "అట్లనే ఉంచుత పెద్దమ్మా" అన్నడు, మళ్ల మోచెయ్యి సంగతి గూడ అడగలే. పుట్టిన తేదీ, పోయిన తేదీ కింద రాస్తరు గదా, అది గూడ అమ్మ వద్దన్నది, రాయలే.

ఇగ పని సంగతి. మ్యాట్ ప్రింట్ తీస్కోండ్రి, మెరిసేది అయితే ట్యూబ్‌లైటు పడి మొహం కనవడదు. ఫ్రేము ఫైబర్‌ది ఇచ్చిండు, చెక్కది ఖరీదు ఎక్కువ. ఎనుక కొక్కెం మాత్రం మరీ పల్సది, దండ ఏస్తే వంగింది, నేను వేరేది కొట్టిచ్చుకున్న, దానికి ఒక స్టార్ కట్. ఇస్త అన్న రోజు గూడ ఇయ్యలే, పెత్రమాస ముందటి రాత్రి దాక తిప్పిండు. తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ, చౌరస్తా నిండ తంగేడు, గునుగు కుప్పలు, బండి పెట్ట జాగ లేదు, నడుసుకుంటనే పోయి తెచ్చుకున్నం. పండుగల ముందు ఆర్డర్ ఇచ్చేటోళ్లు పదిహేను రోజులు ముందే ఇయ్యిండ్రి.

ఫోన్‌పే తీస్కుంటడు. తమ్ముని దోస్తు గూడ ఒకటి కావాలన్నడు, ఫైల్ షాపుల్నే ఉంది, చిన్న సైజుల చెప్పినం. ఈసారి కొక్కెం మంచిది ఎయ్యమని ముందే చెప్పిన.