గ్లాస్గోలో మా ఇంటి చేతి మిషన్: సింగర్ 99కె, రెండేళ్ళు వాడాక

35 పౌండ్లు. అంతే ఇచ్చాను దీనికి, గ్లాస్గోలో మా వీధి చివర పాత వస్తువులు అమ్మే చారిటీ షాపులో, గుండ్రంగా వంగిన చెక్క మూతతో, తాళంచెవితో సహా. సింగర్ 99కె, చేత్తో తిప్పే మిషన్, 1950ల నాటిది. రెండేళ్ళుగా వారానికి రెండు మూడు రోజులు దీనిమీద కుడుతూనే ఉన్నా, పాప పరికిణీల దగ్గర్నుంచి మా అత్తగారి ట్వీడ్ (మందపాటి ఉన్ని బట్ట) స్కర్టు దాకా అన్నీ దీనిమీదే అయ్యాయి, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా. ఊరికెళ్ళే వాళ్ళెవరు దొరుకుతారా, ఆది జాకెట్టు ఎవరి సూట్‌కేసులో పెట్టి పంపిద్దామా అని చూసే మన ఆడవాళ్ళకి ఇది ఉపయోగపడుతుంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే ఈ మిషన్ నాకెందుకింత నచ్చిందో అర్థం కాదు. మాది తెనాలి. మా ఆయనది స్కాట్లాండ్‌కి పడమర సముద్రంలో ఉండే లూయిస్ దీవి, వాళ్ళ ఇంటి భాష గాయెలిక్. మా అత్తగారు చలికాలం రెండు మూడు నెలలు మా దగ్గరే ఉంటారు, మా అమ్మ ఎండాకాలంలో వస్తుంది, పాపకి తొమ్మిదేళ్ళు, దానికి తెలుగు, ఇంగ్లీషు బాగా వచ్చు, గాయెలిక్ కొంచెం వచ్చు. ఇద్దరు పెద్దవాళ్ళకీ కుట్టుపని ప్రాణం, కానీ ఒకరి మాట ఇంకొకరికి రాదు.

నేను మొదట కొన్నది కరెంటు మిషన్, కొత్తది, ప్లాస్టిక్ బాడీ, ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. రకరకాల కుట్లు ఉన్నాయని మురిసిపోయి కొన్నా. పాప పుట్టినరోజుకి అమ్మ మంగళగిరి చీర ఒకటి తెచ్చింది, నిజాం బోర్డర్‌ది, తను కట్టిన చీరే, మెత్తగా అయిపోయి పాపకి పరికిణీకి సరిగ్గా సరిపోయే బట్ట. దాన్ని ఆ మిషన్ మీద పెట్టి పెడల్ మీద కాలు ఆనించానో లేదో, మొదటి కుట్టుకే చీర అంచు సూదితోపాటు కిందకి వెళ్ళిపోయి బాబిన్‌లో చుట్టుకుపోయింది. కత్తెరతో కోసి బయటికి తీయాల్సి వచ్చింది. రూపాయి బిళ్ళంత చిల్లు. అమ్మ ఏమీ అనలేదు, పక్కన కూర్చుని ఆ ముక్కని వేళ్ళతో సాపు చేస్తూ ఉండిపోయింది, నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. జిగ్‌జాగ్ కుట్టే మిషన్లలో సూది అటూ ఇటూ కదలాలి కాబట్టి ప్లేట్‌లో రంధ్రం అడ్డంగా వెడల్పుగా ఉంటుంది, పల్చటి బట్ట అయితే సూది దాన్ని ఆ రంధ్రంలోకి నొక్కేస్తుంది. 99కె కేవలం నేరు కుట్టు మిషన్, ప్లేట్‌లో ఉండేది సూది పట్టేంత చిన్న గుండ్రటి రంధ్రం, బట్టకి లోపలికి పోయే దారే లేదు. పాత పట్టు చీరలు, మంగళగిరి, వెంకటగిరి లాంటి పల్చటి నేతలు కుట్టేవాళ్ళకి ఇదొక్కటి చాలు దీన్ని కొనడానికి. (కొత్త మిషన్ ఉన్నవాళ్ళు నేరు కుట్టు ప్లేట్ విడిగా దొరుకుతుందేమో అడగండి, చాలావాటికి దొరుకుతుంది.) ఆ చిల్లు పడ్డ చీరతోనే తర్వాత పరికిణీ కుట్టాను, చిల్లు కుచ్చిళ్ళలోకి పోయేలా చూసుకున్నా. పట్టుకి 70 లేదా 75 నంబరు సన్న సూది వేయండి, జరీ అంచు వచ్చినచోట ఇంకా నిదానంగా తిప్పండి, జరీ కుట్టడం అయిపోయాక ఆ సూది తీసేయండి, మొన అరిగిపోయి తర్వాతి బట్టకి పోగులు లాగేస్తుంది. సూదుల కోసం వెతుక్కోనక్కర్లేదు, ఇప్పటి మామూలు ఇంటి మిషన్ల సూదులే దీనికీ సరిపోతాయి.

ఇక చేతి పిడి. కుడిచేయి తిప్పడానికే పోతుంది, బట్ట నడపడానికి మిగిలేది ఎడమచేయి ఒక్కటే, మొదటి వారం కుట్టు వంకరలు పోయింది, చేతులు జాకెట్టుకి ఎక్కించేటప్పుడు అయితే మూడో చేయి ఉంటే బావుండు అనిపించింది. అలవాటయ్యాక మాత్రం అదే సుఖం. పిడి ఒక చుట్టు తిప్పితే సుమారు మూడు కుట్లు పడతాయి, మెడ వంపు దగ్గర అర చుట్టు, పావు చుట్టు, ఒక్క కుట్టు కావాలంటే ఒక్క కుట్టే. కరెంటు మిషన్‌లో అంత అదుపు నాకెప్పుడూ రాలేదు. రాత్రి పాప పడుకున్నాక కూడా కుట్టుకోవచ్చు, టకటక అని మెల్లటి చప్పుడు, కింద ఫ్లాట్ వాళ్ళు ఇంతవరకూ ఒక్కమాట అనలేదు.

పాపని దీనిదగ్గర కూర్చోబెట్టడానికి భయం లేదు. కాలి కింద పెడల్ లేదు, పిడి వదిలేస్తే మిషన్ ఆగిపోతుంది, అంతే. మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం, నాలుగింటికే చీకటి పడిపోయింది, అత్తగారు బట్ట పట్టుకుని నడుపుతున్నారు, పాప రెండు చేతులతో పిడి తిప్పుతోంది, ల్యాప్‌టాప్‌లో తెనాలి నుంచి అమ్మ చూస్తోంది. ‘‘వదినగారికి చెప్పవే, అంచు దగ్గర రెండు వేళ్ళ మడత ఎక్కువ పెట్టమని, వచ్చే ఏడు విప్పుకోవచ్చు’’ అంది అమ్మ. పాప ఇంగ్లీషులో చెప్పింది. అత్తగారు తిప్పడం ఆపమని సైగ చేసి, అప్పటికే లోపల కుట్టి ఉంచిన మడతని తిప్పి కెమెరాకి చూపించారు. చెప్పకముందే పెట్టేశారు, రెండు వేళ్ళు కాదు మూడు. వాళ్ళమ్మ కూడా ఆరుగురు పిల్లలకి అలాగే మడతలు పెట్టి ఏటా విప్పేదట. అమ్మ కాసేపు మాట్లాడకుండా ‘‘అవునా’’ అని మాత్రం అంది, తర్వాత వాళ్ళిద్దరి మధ్య మడతల గురించే అరగంట నడిచింది, పాప పాపం గొంతు ఎండిపోయేదాకా అటూ ఇటూ చెప్తూనే ఉంది.

మందం బట్టల సంగతి. అత్తగారి ఊళ్ళో నేసేది హారిస్ ట్వీడ్, గాయెలిక్‌లో దాన్ని ‘క్లో మోర్’ అంటారు, పెద్ద బట్ట అని అర్థం. 1993లో దానికోసం బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టమే చేసింది, లూయిస్ ఉన్న ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే రంగువేసి వడికిన అసలు ఉన్నితో, ఆ దీవుల్లో ఉండేవాళ్ళు తమ ఇళ్ళలోనే నేసిన బట్టకే ఆ పేరు పెట్టాలి, ఫ్యాక్టరీలో నేస్తే కుదరదు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి అక్కడికెళ్ళినప్పుడు ఇంటి పక్క షెడ్డులోంచి మగ్గం చప్పుడు వినబడితే నాకు మంగళగిరి వీధులు గుర్తొచ్చాయి, మా పెదనాన్నగారింటికి వెళ్తే పొద్దున్నే వినిపించే చప్పుడు అదే కదా. ఆ ట్వీడ్ నాలుగు మడతలు పడ్డచోట నడుము పట్టీ కుట్టాలంటే నా ప్లాస్టిక్ మిషన్ మూలిగి ఆగిపోయేది. 99కె మీద 100 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, బట్టని నొక్కిపట్టే ఫుట్ ఒత్తిడి కొంచెం వదులు చేసి నిదానంగా తిప్పితే దిగిపోయింది. కుట్టు పొడవు అంకెలు మాత్రం మనం అనుకునేదానికి తిరగేసి ఉంటాయి, అంగుళానికి ఎన్ని కుట్లు అని లెక్క, అంటే అంకె పెద్దదైతే కుట్టు చిన్నది. నేను పట్టుకి 12, ట్వీడ్‌కి 8 పెడతాను.

ఈ మిషన్‌కి మా ఇంట్లో వారానికి రెండు రోజులు సెలవు. ఆదివారం అత్తగారు సూది ముట్టుకోరు, లూయిస్‌లో పాతకాలం వాళ్ళు ఆదివారం ఏ పనీ చేయరు, మగ్గం కూడా ఆగిపోతుంది. మంగళవారం కొత్త బట్ట కత్తిరించకూడదని అమ్మ. ఒంటిమీద ఉన్న బట్టకి కుట్టు వేయకూడదు, దీపాలు పెట్టాక సూది బయటివాళ్ళకి ఇవ్వకూడదు, ఇవన్నీ కూడా ఉన్నాయి. నేను రెండు రోజులూ పాటిస్తాను, మనస్ఫూర్తిగానే పాటిస్తాను, ఇద్దరి మాటా నిలబడుతుంది కదా, పైగా మంగళవారం మిషన్ తుడిచి నూనె వేసుకోవడానికి కుదురుతుంది.

ఇప్పుడు అసలు విషయం, నన్ను కదిలించింది. 99కె లో ‘కె’ అంటే కిల్బోవీ, గ్లాస్గో పక్కనే క్లైడ్‌బ్యాంక్‌లో సింగర్ ఫ్యాక్టరీ ఉన్న చోటు. 1885లో మొదలైంది, వేలమంది పనిచేసేవాళ్ళు, ప్రపంచం మొత్తానికీ అక్కణ్ణుంచి మిషన్లు వెళ్ళేవి, 1980లో మూసేశారు. ఈ మిషన్ల మీద ఉండే నంబరు ఇంగ్లీషు ‘ఇ’ (E) అక్షరంతో, దాని పక్కన ఇంకో అక్షరంతో మొదలైతే అది క్లైడ్‌బ్యాంక్‌లో చేసిందే. ఇది తెలిశాక అమ్మకి ఫోన్ చేసి అమ్మమ్మ మిషన్ మీద నంబరు చూడమన్నా, నల్లటి సింగర్, బంగారు రంగు పువ్వులు సగం చెరిగిపోయి ఉంటాయి, మా అమ్మ పెళ్ళి జాకెట్లు, మా అక్కాచెల్లెళ్ళ గౌన్లు అన్నీ దానిమీదే కుట్టారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, బట్టతో తుడిచి, ఒక్కొక్క అక్షరం చదివింది. ‘ఇ’తోనే మొదలైంది. ఆ మిషన్ పుట్టిన ఊరు నేను కాపురముంటున్న చోటికి లోకల్ రైల్లో వెళ్ళేంత దూరం.

ఆ ఎండాకాలం అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్ళా. ఫ్యాక్టరీ లేదు, నాలుగు వైపులా 26 అడుగుల ముఖాలతో ఉండే గడియారం గోపురాన్ని 1963లోనే పడగొట్టేశారు. కానీ రైల్వే స్టేషన్ పేరు ఇప్పటికీ సింగరే. ప్లాట్‌ఫారం మీద ఆ బోర్డు కింద అమ్మ నిలబడి ఫొటో తీయించుకుంది, చీర కొంగు గాలికి ఎగురుతుంటే పట్టుకుని. క్లైడ్‌బ్యాంక్ మ్యూజియంలో పాత సింగర్ మిషన్లు బోలెడు దాచారు, కుట్టుపని ఇష్టమైనవాళ్ళు గ్లాస్గో వస్తే తప్పకుండా కనుక్కుని వెళ్ళండి.

దీనితో కానివి కూడా చెప్పాలి. జిగ్‌జాగ్ లేదు కాబట్టి పీకో కాదు, చీర అంచులు నేను చేత్తోనే చుట్టి కుడతాను. ఓవర్‌లాక్ లేదు, లోపలి అంచులు మడిచి రెండోసారి కుట్టాలి, జాకెట్టుకి అదనంగా గంట పడుతుంది. సాగే బట్టలు, లెగ్గింగ్స్, స్కూల్ టీషర్ట్‌ల జోలికి వెళ్ళొద్దు, నేరు కుట్టు సాగదు, వేసుకోగానే పుటుక్కున తెగుతుంది. కాజాలకి సింగర్ వాళ్ళదే పాత బటన్‌హోలర్ అటాచ్‌మెంట్ దొరుకుతుంది, లేదంటే చేత్తో. నా మిషన్‌లో వెనక్కి కుట్టే సదుపాయం లేదు, కుట్టు చివర దారాలు ముడి వేసుకోవాలి, తర్వాతి కాలం వాటిల్లో ఉంటుంది, కొనేటప్పుడు చూసుకోండి. ఆకారం చిన్నదే, సింగర్ 66 అనే పెద్ద మోడల్‌కి ముప్పావు వంతు, కానీ బరువు మాత్రం బాగా ఉంటుంది, మెట్లు ఎక్కి మోసుకొచ్చేసరికి మా ఆయన భుజం పట్టేసింది.

అలాగే పార్సిల్‌లో తెప్పించుకోవద్దు, వీలైనంతవరకు. మా ఫ్రెండ్ కోసం ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర ఇంకోటి కొన్నాం, పలచటి అట్టపెట్టెలో పాత పేపర్లు కుక్కి పంపాడు, వచ్చేసరికి పిడి విరిగిపోయి ఉంది, డబ్బులు వెనక్కి రావడానికి ఆరు వారాలు పట్టింది. వెళ్ళి, చేత్తో తిప్పి చూసి కొనండి. తిప్పినప్పుడు బిగుసుకున్నట్టు ఉంటే భయపడక్కర్లేదు, ఎక్కువసార్లు పాత నూనె ఎండిపోయి అలా అవుతుంది, మిషన్ నూనె నాలుగు చుక్కలు ప్రతి రంధ్రంలో వేసి ఒక రాత్రి ఉంచితే కదులుతుంది. మిషన్ నూనె మాత్రమే. కొబ్బరినూనె వేసి పాడుచేసిన మిషన్లు మన ఊళ్ళల్లో ఎన్ని చూశానో, అది కొన్నాళ్ళకి బంకలా గడ్డకట్టేస్తుంది. బాబిన్ కింద ఒక చిన్న ఎర్ర ఫెల్ట్ ముక్క ఉంటుంది, చెత్త అనుకుని పారేయకండి, దానికీ ఒక చుక్క వేయాలి. బాబిన్లు 66 క్లాస్‌వే వాడాలి, పైనా కిందా కొంచెం ఉబ్బుగా ఉంటాయి, చదునుగా ఉండే 15 క్లాస్‌వి పెడితే దారం చిక్కుపడుతుంది.

నా మార్కులు ఐదుకి నాలుగున్నర, ఆ అర తగ్గించింది పీకో కోసం. రోజుకి పది జాకెట్లు కుట్టి సంపాదించుకుందాం అనుకునేవాళ్ళకి ఇది సరిపోదు, మోటారు మిషన్ తీసుకోండి. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు, పట్టు, చేనేత కుట్టేవాళ్ళు, పెద్దవాళ్ళు వచ్చి ఉండే ఇల్లు అయితే కళ్ళుమూసుకుని కొనొచ్చు. నాది ఇప్పుడు వంటింటి పక్క బల్లమీదే ఉంటుంది, మూత వేయడం మానేశాం. ప్రస్తుతం దానిమీద ఉన్నది పాప పరికిణీయే, అత్తగారు పెట్టిన మూడు వేళ్ళ మడతలో ఒక వేలు ఈ ఉగాదికి విప్పాను, ఇంకా రెండున్నాయి.