విశాఖలో సర్కారు కరెంటు: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

యూనిట్ ధరలు, స్లాబులు అందరి బిల్లు మీదా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. డిస్కంలను, అంటే ఇంటింటికీ కరెంటు పంపిణీ చేసే సర్కారు కంపెనీలను, ప్రైవేటుకు ఇచ్చేయాలనే వాళ్లతో, సీతమ్మధారలో ఏళ్ల తరబడి ఈ కరెంటు వాడుతున్న మనిషిగా నేను చెప్పేది ఒక్కటే. కూలిన లైను మళ్లీ నిలబెట్టడంలో ఈ సర్కారు డిస్కం వాళ్లను మించినవాళ్లను నేను చూడలేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక మా వీధిలో నిటారుగా ఉన్న స్తంభం లేదు. మోటార్లు ఆడక నీళ్లకు కటకట, ఫోన్లు మూగబోయాయి. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్, మా ఏరియావాళ్లు కలిసి కొమ్మలు నరికి, గుంతలు తవ్వి, స్తంభాలు ఎత్తారు. లైన్లోకి కరెంటు వదిలే ముందు ఒకాయన ఇంటింటికీ తిరిగాడు. "అమ్మా, జనరేటర్ ఆపి మెయిన్ దించేయండి. మీ కరెంటు వెనక్కి లైన్లోకి వస్తే పైనున్న మావాడి ప్రాణం పోద్ది" అన్నాడు. మేం మెయిన్ దించేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. భోజనం చేసి వెళ్లమంటే, లైట్లు వెలిగాక తింటామన్నాడు.

పక్కనున్న ఒడిశా కరెంటు పంపిణీని 1999లో ప్రైవేటుకు ఇచ్చింది. ఆ అక్టోబర్‌లోనే సూపర్ సైక్లోన్. మధ్య జోన్ తీసుకున్న అమెరికా కంపెనీ ఏఈఎస్ 2001లో వదిలేసి పోయింది. వసూళ్లు రాకపోవడం, నష్టాలు, కారణాలు చాలా ఉన్నాయి. అయినా తుఫాను దెబ్బ తర్వాత ప్రైవేటు కంపెనీ ఇక్కడా అలాగే వదిలేసి పోతుందేమోనన్నదే నా భయం. ఢిల్లీలో 2002లో ప్రైవేటుకు ఇచ్చిన తర్వాత పంపిణీ నష్టాలు బాగా తగ్గిన మాటా నిజమే, కాకపోతే ఢిల్లీకి సముద్రం లేదు.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో చాలాచోట్ల కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. గాలికి కరెంటు పోవడం తగ్గింది. అయితే లోపల ఫాల్ట్ వస్తే అది ఎక్కడుందో పట్టుకోవడానికే చాలాసేపు పడుతోంది. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు ట్రూ-అప్ (డిస్కంకు అప్పట్లో అయిన అదనపు ఖర్చును తర్వాత బిల్లులో వేసే ఛార్జీ) కట్టాలంటే ఒళ్లు మండుతుంది. సబ్‌స్టేషన్లలో షిఫ్టులు చూసేవాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీదే ఉన్నారు. ఆ మేరకు ప్రైవేటు ఎప్పుడో లోపలికి వచ్చేసింది, అదీ నాకు నచ్చలేదు.

మాది ఇద్దరముండే ఇల్లు, ఒక్క ఏసీ, పెన్షన్ డబ్బు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపేవాళ్లకు అరగంట కరెంటు పోయినా నష్టమే. వాళ్లు ప్రైవేటు కావాలంటే కాదనలేను. నా మటుకు నేను ఈ తీరంలో ఉన్నంతకాలం సర్కారు కనెక్షనే కోరుకుంటాను. ట్రూ-అప్ మాత్రం ఇంకా పెంచితే ఈ మాట మీద ఎంతకాలం ఉంటానో చెప్పలేను.