అనంతపురం హైవే గ్యాస్ బంకు: భద్రత ఎలా ఉంది?

బెంగళూరు రోడ్డు మీది ఈ బంకుకు గ్యాస్ పైపులైన్‌లో రాదు. మైనస్ 162 డిగ్రీల ద్రవంగా, అంటే ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజ వాయువు)గా ట్యాంకర్లో వచ్చి, ఇక్కడే గ్యాస్‌గా మారి, 200 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్ల) ఒత్తిడితో ఆటోల్లోకి ఎక్కుతుంది.

మెచ్చుకోవాల్సింది వాల్వుల పని. రెండు వాల్వుల మధ్య ద్రవం చిక్కుకుపోతే అనంతపురం ఎండకు వేడెక్కి, ఉబ్బి, పైపునే చీల్చేస్తుంది. అందుకే అలాంటి ప్రతి పైపు ముక్కకూ, ఒత్తిడి పెరిగితే తనంతట తెరుచుకునే ఒక చిన్న రిలీఫ్ వాల్వు ఉండాలి. ఇక్కడ ఒక్కచోట కూడా వదల్లేదు. మామూలు ఉక్కు ఆ చలికి గాజులా పగులుతుంది కాబట్టి ద్రవం పారే పైపులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలే.

నచ్చనిది ఒకటుంది. ఎల్‌ఎన్‌జీకి వాసన ఉండదు. లీకైతే ముక్కుకు తెలియదు, డిటెక్టరే పట్టాలి. ట్యాంకర్ దించే చోట ఆ డిటెక్టర్ తల కంటే ఎత్తున ఉంది. చల్లటి ఆవిరి మొదట తెల్లటి పొగలా నేలబారున పాకుతుంది, సుమారు మైనస్ 110 డిగ్రీలు దాటి వేడెక్కాకే పైకి లేస్తుంది. గాలిలో 5 నుంచి 15 శాతం కలిసిందంటే నిప్పురవ్వ చాలు. కింద మరో డిటెక్టర్ పెట్టి తీరాలి.

నింపే గొట్టానికి బ్రేక్‌అవే కప్లింగ్ ఉంది. గొట్టం తీయకుండా బండి కదిల్చినా అది ఊడి, గ్యాస్ బయటికి రాకుండా మూసుకుంటుంది. నింపేముందు ఆటోలో అందరినీ దించుతున్నారు, ఎంత రద్దీ ఉన్నా.