ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద జవాబు పత్రం తెప్పించుకోవాలా, మళ్లీ దిద్దించడానికి రీవాల్యుయేషన్ ఫీజు కట్టాలా?

రిజల్ట్స్ రాగానే డిగ్రీ పిల్లలకు పట్టుకునే టెన్షన్ ఇదే.

ఖర్చు: ఆర్టీఐ దరఖాస్తుకు 10 రూపాయలు, జిరాక్స్ పేజీకి 2. రీవాల్యుయేషన్‌కు చాలా చోట్ల పేపర్‌కు వందల్లోనే.

సమయం: ఆర్టీఐ జవాబుకు 30 రోజులు, రాకపోతే అప్పీలు. ఈలోపు రీవాల్యుయేషన్ గడువు దాటిపోవచ్చు. అసలు చిక్కు ఇక్కడే.

ఫలితం: ఆర్టీఐతో మార్కులు మారవు, పేపర్ చేతికొస్తుంది. అది విద్యార్థి హక్కని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. మా చెల్లి పేపర్లో ఒక జవాబు మీద ఎర్ర గీతే లేదు, పక్కన మార్కూ లేదు. అది చూశాకే యూనివర్సిటీని గట్టిగా అడగగలిగాం. దిద్దినవాళ్ల పేరు మాత్రం ఇవ్వరు.

గడువు ముంచుకొస్తుంటే ముందు రీవాల్యుయేషన్ కట్టేయండి. కూడిక తప్పిందనో, జవాబు దిద్దలేదనో అనుమానముంటే ఆర్టీఐ పెట్టండి. వీలైతే రెండూ ఒకేరోజు.