చవక గంటల ఈవీ టారిఫ్: రాత్రి రేటు సరే, పగటి రేటు చూశారా?

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్ల కోసం కరెంటు సంస్థలు ఇచ్చే ప్రత్యేక టారిఫ్‌లో చాలాకాలంగా ఉన్నాను. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5 గంటల దాకా యూనిట్ రేటు బాగా తక్కువ. మిగతా 19 గంటలూ మామూలు రేటు కంటే ఎక్కువ. ఇల్లంతటికీ ఒకటే మీటరు కాబట్టి కారుకో రేటు, ఫ్రిజ్‌కో రేటు అని ఉండదు. ఏ గంటలో వాడామన్నదే లెక్క. కారు రోజూ తిరిగిన నెలలూ, ఇంటికి తాళం వేసి వెళ్లిన నెలలూ, ఎండలూ చలీ అన్నీ ఈ ప్లానులోనే గడిచాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఇది గిట్టుబాటైంది. మీకూ అవుతుందా లేదా అన్నది మాత్రం ప్రకటన చూస్తే తేలదు.

ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది రాత్రి రేటు. మన బిల్లును నిర్ణయించేది పగటి రేటు, అంటే మిగతా ఆ 19 గంటల రేటు. ఒక్క ఉదాహరణ తీసుకుందాం. ఒకే రేటు ఉండే మామూలు ప్లానులో యూనిట్ ధర 100 అనుకోండి. ఈవీ ప్లానులో రాత్రి 40, పగలు 115 అనుకోండి. ఇంటి మొత్తం వాడకంలో 20 శాతం చవక గంటల్లో పడితే రెండు ప్లాన్లూ సమానం. అంతకు తగ్గితే నష్టమే. రాత్రి రేటు అలాగే ఉండి పగటి రేటు 130కి పెరిగిందంటే, సమానం కావడానికే 33 శాతం పైగా వాడకాన్ని రాత్రికి తేవాలి.

ఇప్పుడు కారును లెక్కలోకి తెద్దాం. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారు 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు తీసుకుంటే రోజుకు 6 యూనిట్లు కావాలి. ఛార్జింగ్‌లో వేడిగా పోయేది కూడా కలిపితే మీటరులో దాదాపు 7 తిరుగుతుంది. ఇంటి వాడకం రోజుకు 10 యూనిట్లు, అందులో ఫ్రిజ్, రౌటర్ లాంటివి ఆ 5 గంటల్లో లాగేది 1 యూనిట్ అనుకుందాం. మొత్తం 17 యూనిట్లలో 8 చవక రేటుకు, 9 పగటి రేటుకు వస్తాయి. మామూలు ప్లానులో 1700 అయ్యేది ఇక్కడ 1355 అవుతుంది. అంటే 20 శాతం ఆదా. రాత్రి రేటు 60 శాతం తక్కువని చెప్పి అమ్మిన ప్లాను బిల్లు మీదికి వచ్చేసరికి ఇచ్చేది ఇంత. ఇది చిన్న మొత్తం కాదు, నేను ఇందులో కొనసాగడానికి కారణం ఇదే. కానీ అదే కారు రోజుకు 10 కిలోమీటర్లే తిరిగితే ఆదా రెండున్నర శాతానికి పడిపోతుంది. కారు అసలు బయటికి తీయని నెలలో అయితే 1000 రావాల్సిన బిల్లు 1075 వస్తుంది. మారే ముందు ఒక సాయంత్రం కూర్చుని, మీ పాత బిల్లులోని యూనిట్లతో ఈ లెక్క వేసుకోండి. ఇంకెవరి అనుభవమూ, నాది సహా, దానికి సాటి రాదు.

ఛార్జర్ విషయంలో చాలామంది అవసరానికి మించి టెన్షన్ పడుతున్నారు. మామూలు ప్లగ్గులో 10 ఆంపియర్లు తీసుకునే కేబుల్ 2.3 కిలోవాట్లు ఇస్తుంది. 5 గంటల్లో అది 11.5 యూనిట్లు. పైన చెప్పిన 7 యూనిట్ల కారుకు మూడు గంటల పైచిలుకు చాలు. గోడకు బిగించే 32 ఆంపియర్ల ఛార్జర్ 7.4 కిలోవాట్లు ఇస్తుంది కాబట్టి అదే 5 గంటల్లో 37 యూనిట్లు ఎక్కించగలదు. దూరప్రయాణం నుంచి ఖాళీ బ్యాటరీతో వచ్చి మర్నాడే మళ్లీ బయలుదేరేవాళ్లకు అది కావాలి. నెమ్మదిగా ఎక్కించడంలో ఒక చిన్న నష్టం ఉంది. ఛార్జింగ్ జరిగినంతసేపూ కారులోని కంప్యూటర్లు, పంపులు మేలుకునే ఉంటాయి. గంటలు పెరిగేకొద్దీ అవి తినేదీ పెరుగుతుంది. అయినా రోజువారీ తిరుగుడు తక్కువైతే పెద్ద ఛార్జర్ పెట్టిన ఖర్చు ఈ టారిఫ్ ఆదాలోంచి రావడానికి చాలాకాలం పడుతుంది.

భద్రత విషయంలో మాత్రం రాజీ వద్దు. గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగే లోడు ఇంట్లో మరొకటి అరుదు, అదీ అందరూ నిద్రపోయే వేళలో. పాత సాకెట్‌లో పిన్నులు వదులుగా ఉంటే ఆ చోట వేడెక్కుతుంది. ప్లగ్గు తీశాక పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన వస్తుంటే ఆ సాకెట్‌ను ఆ రోజే మార్పించాలి. కారుకు విడిగా వైరు, విడిగా ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్, లీకేజీ కరెంటుకు ట్రిప్ అయ్యే బ్రేకరు ఉండాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కారు ఛార్జింగ్ పెట్టకూడదు.

ఇక రోజువారీ వాడకం. సాయంత్రం ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టి వదిలేస్తాం. అర్ధరాత్రి దాటాక ఛార్జర్‌లో టక్‌మని రిలే (లోపలి స్విచ్) శబ్దం, వెంటనే కారు ముందు భాగంలోంచి సన్నని ఫ్యాను హోరు. మీటరు తెరమీద 0.2 కిలోవాట్ల దగ్గర ఉన్న అంకె 7 దాటి నిలబడుతుంది. సరిగ్గా 12 గంటలకు మొదలవలేదని మొదట్లో చాలామంది కంగారుపడతారు. కొన్ని ఛార్జర్లు కావాలనే కొన్ని నిమిషాలు ఆగుతాయి. లక్షల కార్లు ఒకే క్షణంలో మొదలైతే గ్రిడ్ మీద ఒక్కసారిగా భారం పడుతుంది. బ్రిటన్‌లో అయితే 2022 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్లకు అమ్మే కొత్త ఛార్జర్లలో 10 నిమిషాల లోపు ఎంతైనా ఆగి మొదలయ్యే ఏర్పాటు తప్పనిసరి.

టైమర్ ఒక్కచోటే పెట్టండి, కారులో గానీ ఛార్జర్‌లో గానీ. రెండింట్లోనూ పెడితే ఒకటి సిద్ధమయ్యే వేళకు రెండోది వద్దంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ ఎక్కడిదక్కడే ఉంటుంది. కొన్ని కార్లు ప్లగ్గులో చాలాసేపు కరెంటు రాకపోతే నిద్రలోకి జారుకుని, ఛార్జర్ పిలిచినా లేవవు. అలాంటి కారుకు టైమర్ కారులోనే ఉండాలి. మా కారుకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఒకసారి షెడ్యూల్ మొత్తం చెరిగిపోయి, ప్లగ్గు పెట్టగానే ఖరీదైన గంటల్లోనే ఛార్జింగ్ మొదలైంది. అప్పటినుంచి అప్‌డేట్ తర్వాత సెట్టింగు చూడటం అలవాటైంది.

ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. పొద్దున బయలుదేరే ముందు కారు లోపల చల్లబరచడమో వెచ్చబరచడమో పెట్టుకుంటాం కదా, ప్లగ్గు ఉండగా చేస్తే చాలా కార్లు ఆ కరెంటును గోడ నుంచే తీసుకుంటాయి. అది పగటి రేటు. ప్లగ్గు తీసేసి చేస్తే రాత్రి చవకగా ఎక్కించిన బ్యాటరీ నుంచి తీసుకుంటుంది. దూరం వెళ్లే రోజున రేంజ్ ముఖ్యం కాబట్టి ప్లగ్గు ఉంచి చేస్తాను, మామూలు రోజుల్లో ముందే తీసేస్తాను.

కారుతో పాటు ఇంట్లో ఇంకేం రాత్రికి జరపొచ్చు? నిల్వ ట్యాంకు ఉన్న గీజర్ అన్నిటికంటే మేలు, నాలుగున్నరకు కాచిన నీళ్లు పొద్దున స్నానాలకు వేడిగానే ఉంటాయి. డిష్‌వాషర్‌కు, వాషింగ్ మెషీన్‌కు ఆలస్యంగా మొదలయ్యే బటన్ ఉంటుంది. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌ను మాత్రం అందరం నిద్రపోతుండగా నడపను, ఎంత ఆదా అయినా సరే. రాత్రంతా ఏసీ వేసే ఇళ్లకు అర్ధరాత్రి తర్వాతి వాడకం ఎలాగూ చవక రేటులోనే పడుతుంది. అయితే సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా నడిచిన ఏసీ పగటి రేటుకు వస్తుంది, ఆ గంటలే బిల్లును పెంచుతాయి.

నాకు నిజంగా కోపం తెప్పించింది బిల్లింగు. ప్లాను మారిన మొదట్లో స్మార్ట్ మీటర్ నుంచి అరగంటకోసారి వెళ్లాల్సిన రీడింగులు మా కరెంటు సంస్థకు చేరలేదు. దాంతో యూనిట్లన్నిటికీ పగటి రేటే వేసి బిల్లు పంపారు. ఫోన్ చేస్తే "మీటర్ ప్రకారమే వచ్చింది" అన్నారు. ఛార్జర్ యాప్‌లోంచి ఏ రాత్రి ఏ సమయంలో ఎన్ని యూనిట్లు ఎక్కాయో తీసి పంపాక గానీ సరిచేయలేదు. ఇంత సాదాసీదా విషయానికి వినియోగదారుడు సాక్ష్యాలు పోగుచేయాల్సి రావడం అన్యాయం. మీరు మారితే మొదటి బిల్లులో రాత్రి యూనిట్లు, పగలు యూనిట్లు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. ఛార్జర్ రికార్డును కొన్నాళ్లు దాచండి.

మధ్యలో కొంతకాలం ఇంకో రకం ప్లాను కూడా వాడాను. అందులో టైమర్ మనం పెట్టం. పొద్దున ఎన్నింటికి, ఎంత శాతం కావాలో చెబితే సంస్థే కారును ఎప్పుడు ఛార్జ్ చేయాలో నిర్ణయిస్తుంది. గాలిమరల కరెంటు ఎక్కువగా వస్తున్న గంటల్లో, గ్రిడ్ ఖాళీగా ఉన్న గంటల్లో కొంచెం కొంచెంగా ఎక్కిస్తుంది. సౌకర్యం పరంగా దీనికే నా ఓటు. కానీ కారు యాప్‌తో దాని లింకు తెగితే ఆ రాత్రికి ఏమీ ఎక్కదు. పొద్దున్నే ఆసుపత్రికో విమానాశ్రయానికో వెళ్లాల్సిన ఇంట్లో ఆ అనుమానంతో పడుకోవడం కష్టం. అందుకే స్థిరమైన 5 గంటల ప్లానుకు తిరిగొచ్చాను.

చవక గంటలంటే రాత్రే అని కూడా అనుకోవద్దు. బ్రిటన్‌లో 1978లో వచ్చిన ఎకానమీ 7 టారిఫ్ రోజుల్లో అది నిజం. రాత్రి డిమాండ్ పడిపోయినా అణు, థర్మల్ కేంద్రాల్ని అంత సులువుగా తగ్గించలేరు కాబట్టి ఆ ఏడు గంటల కరెంటును చవకగా ఇచ్చారు. సౌర విద్యుత్ పెరిగిన చోట్ల మిగులు ఇప్పుడు మధ్యాహ్నం వస్తోంది, కొరత సూర్యుడు దిగాక వస్తోంది. భారత ప్రభుత్వం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో కూడా తక్కువ రేటు సౌర గంటలకే, ఎక్కువ రేటు డిమాండ్ బాగా ఉండే పీక్ గంటలకే. అలాంటి టారిఫ్‌లో పగలంతా ఆఫీసు పార్కింగ్‌లో ఉండే కారుకు ఇంటి దగ్గర ఒరిగేదేమీ లేదు. ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు మాత్రం అది రాత్రి ప్లాను కంటే బాగుంటుంది, ఎందుకంటే కారుతో పాటు వంట, ఉతుకు కూడా చవక గంటల్లోనే అయిపోతాయి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది పార్కింగ్‌లోని ఛార్జర్ ఎవరి మీటరుకు కలిపి ఉందన్నది. అది సొసైటీ ఉమ్మడి మీటరు మీద ఉంటే మీ ఇంటి టారిఫ్ మార్చినా కారుకు చవక రేటు రాదు, ఇంటికి మాత్రం పగటి రేటు పెరుగుతుంది.

ఈసారి రెన్యువల్‌లో మా ప్లానులో రాత్రి రేటు అలాగే ఉంచి పగటి రేటు పెంచారు. మా వాడకంలో సగానికి దగ్గరగా రాత్రే పడుతోంది కాబట్టి ఇంకా లాభమే, కొనసాగిస్తున్నాను. ఇంట్లో ఒకరికి ఆఫీసు దగ్గరపడి కారు తిరిగేది తగ్గబోతోంది. అప్పుడు ఆ శాతం ఎంతకు పడిపోతుందో చూసి, ముందుగా వదిలేస్తే కట్టాల్సిన రుసుమును కూడా కలిపి లెక్కేసి, అవసరమైతే మామూలు ప్లానుకు మారిపోతాను.