పాత గోడకు సిమెంటా, సున్నమా?

తాతగారి మండువా ఇల్లు ఏళ్ల తరబడి తాళం వేసి ఉంది. ఇటుక గోడలు, సున్నంతో కట్టినవి. నేనే తాపీ పట్టాలనుకున్నాక ముందు తేల్చుకోవాల్సి వచ్చింది: పూత దేనితో?

సిమెంటు సుఖం. ఏ ఊళ్లోనైనా బస్తా దొరుకుతుంది. 1:6 పాళ్లలో ఇసుక కలిపి పూస్తే మర్నాటికి గట్టిపడుతుంది, 7 రోజులు తడిపితే చాలు. కానీ పాత గోడకు పునాది నుంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది, దాన్ని సిమెంటు సరిగా ఆరనివ్వదు. వంటింటి గోడకు ఎవరో ఎప్పుడో వేసిన సిమెంటు పెచ్చు ఊడదీసి చూశాను. వెనక ఇటుక వేలితో గీకితే పిండిలా రాలింది, చేతికి తెల్లటి ఉప్పు అంటింది. ప్రాణం ఉసూరుమంది.

సున్నానికి ఓపిక కావాలి. కాల్చిన సున్నపురాళ్లు నీళ్ల తొట్టిలో కొద్దికొద్దిగా వేస్తే కుతకుత ఉడుకుతాయి. కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా దగ్గరికి వెళ్లొద్దు. వారాలు నానాక మూడు పాళ్ల ఇసుకతో మెత్తగా నూరాలి. పాతకాలం మేస్త్రులు బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కూడా కలిపేవారు. గోడకు పూశాక సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా బిగుస్తుంది. ఆ పూతలోంచి గోడ ఆరుతుంది. వెంట్రుకవాసి బీటలు కొన్ని వాటంతటవే పూడుకుంటాయి కూడా.

పాత గోడలన్నిటికీ సున్నమే ఖాయం చేశాను. పెరట్లో కొత్త ఇటుకతో కట్టే స్నానాలగదికి మాత్రం సిమెంటు.